పీట వెనక గురునాథం

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ కాఫీ కప్పులు గలగలలాడించకండి. అదిగో, ఆ చివరి టేబుల్ దగ్గర ఇద్దరు, మీ షేర్ల సంగతి రేపు మాట్లాడుకోవచ్చు. అవి పడేవైతే మీరు మాట్లాడినా పడతాయి, మానినా పడతాయి. నోళ్ళు కట్టేసి చెవులు ఇటు పడెయ్యండి. గురునాథం సంగతి చెప్తాను. ఇందులో అబద్ధాలు లేవని ఒట్టెయ్యను. మూడో నాలుగో ఉంటాయి. మీరు చటుక్కున నమ్మేసేవే ఆ అబద్ధాలు. నమ్మబుద్ధి కానివన్నీ జరిగినవే.

అది బుధవారం మధ్యాహ్నం. తొంభై తొమ్మిదో సంవత్సరం, ఆగస్టు నెల. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందని లోకమంతా బెంగపెట్టుకున్న రోజులు. ఆ బెంగ పుణ్యమా అని సింగపూర్‌లో మనవాళ్ళకి ఎంత గిరాకీ అంటే, విమానం పైమెట్టు మీద ఉన్నవాడికి టై కట్టి, కిందమెట్టు మీదికొచ్చేసరికి ఆఫర్ లెటర్ చేతిలో పెట్టేవాళ్ళు.

అయితే అందరి మెడలోనూ ఒకటే రంగు కాదు. కంపెనీ సొంత మనుషుల కార్డుకి నీలం పట్టీ. కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ళ కార్డుకి పసుపు పట్టీ. గురునాథానిది పసుపు.

పదకొండో అంతస్తులో పెద్ద కంప్యూటర్ల మిషన్ల గది ఉంది, లోపలెప్పుడూ ఏసీ చలి. బయట జనం చెమటలు కారి చస్తుంటే, ఆ గదిలో గురునాథం, అప్పయ్య స్వెట్టర్లు వేసుకుని పనిచేసేవాళ్ళు. నిండిన టేపులు తీసి కొత్తవి పెట్టడం వాళ్ళ పని. ఆ చివర బీరువా దగ్గర నిలబడి అప్పయ్య టేపు విసురుతాడు. ఈ చివర గురునాథం తల తిప్పకుండానే అందుకుని గూట్లోకి తోస్తాడు. విసరకూడదని గోడ మీద ఎర్రక్షరాలతో రాసి ఉంది. రెండేళ్ళలో ఒక్క టేపు కింద పడింది లేదు.

తలుపు తోసుకుని అద్నాన్ వచ్చాడు. అద్నాన్ హైదరాబాదువాడు, ప్రోగ్రామరు, నీలం పట్టీ. కంపెనీ జట్టులో బంతి విసిరేది అతనే. చేతిలో ఒక కాగితం నలిగిపోతోంది.

"గురన్నా, నోటీసు బోర్డు చూసినవా? ఫైనల్ లిస్టు పెట్టిండ్రు. నీ పేరు లేదు భయ్."

"లేకపోవడమేటి?" అన్నాడు గురునాథం. అప్పయ్య విసిరిన టేపు అప్పుడే వచ్చింది. దాన్ని ఎడంచేత్తో అందుకుని గూట్లో పెట్టి, అప్పుడు కాగితం తీసుకున్నాడు.

పైన పెద్దక్షరాల్లో ఉంది. ఫైనల్ ఆడేవాళ్ళందరికీ నీలం పట్టీ ఉండాలి. కింద తొమ్మిది పేర్లు. క్యాచర్ అన్నచోట పృథ్వీ.

మీలో కొందరికి ఈ ఆట తెలియదు, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆట పేరు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్‌కి చెల్లెలు. నాలుగు మూలలుంటాయి. మూడు మూలల్లో చిన్న చిన్న సంచులు, వాటిని మనవాళ్ళు బస్తాలనేవాళ్ళు. నాలుగో మూల తెల్లపలక. దాని పేరు ప్లేట్, మనవాళ్ళు పీట అనేవాళ్ళు. పీట దగ్గర నిలబడి బంతి కొట్టి, బస్తాలన్నీ చుట్టి, తిరిగొచ్చి పీట మీద కాలు పెడితే ఒక పరుగు. పీట వెనక గొంతుకూర్చుని బంతి పట్టేవాడు క్యాచర్. అనకాపల్లిలో పదమూడేళ్ళు వికెట్ల వెనక వంగున్నవాడు గురునాథం. అతన్ని పీట వెనక కూర్చోబెడితే లేవడు. ఓసారి ప్రాక్టీసులో అతని టోపీ మీద మైనా ఒకటి నాలుగు పుల్లలు తెచ్చి పెట్టుకుంది.

"పృథ్వీ ఎవడు?" అన్నాడు అప్పయ్య.

"డైరెక్టర్ జగన్మోహనరావు సార్ బామ్మర్ది. వచ్చి మూడు వారాలైంది. కాలేజీల ఆడిండంట."

గురునాథం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి స్వెట్టర్ జేబులో పెట్టుకున్నాడు. కుడిచేతి చిటికెన వేలు చూసుకున్నాడు. అది ఎప్పుడో విరిగి, కొడవలిలా బయటికి వంగిపోయి ఉంటుంది.

"అప్పయ్యా, మిగతా టేపులు కాస్త మెల్లగా పెట్టుకో. విసరకు. పట్టేవాడు లేడు," అని స్వెట్టర్ విప్పేశాడు.

జగన్మోహనరావు గది అద్దాల గది. తలుపు తెరిచే ఉంది. డైరెక్టర్‌గారు గుంటూరు మనిషి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులా పెన్ను తిప్పుతూ, కూర్చోమని కళ్ళతో చెప్పాడు. గురునాథం కూర్చోలేదు.

"చూడు గురూ," అన్నాడు ఫోను పెట్టేసి. "నువ్వు ఫీలవకూడదు. ఫైనల్‌కి సీయీవో వస్తున్నాడు. ఫోటోలు, అదీ ఇదీ. కంపెనీ టీం అన్నాక కంపెనీ ఎంప్లాయీస్ ఆడాలి గదా. పాలసీ అయ్యా. నా చేతుల్లో ఏముంది?"

"నాలుగు మ్యాచ్‌లకి లేని పాలసీ అయిదోదానికి ఎలగొచ్చిందండి?"

"అదే చెబుతున్నా. నిన్ను వదిలేస్తానా? ప్రమోట్ చేశా. ఈ రోజునించి నువ్వు టీం మేనేజర్‌వి."

"మేనేజరంటే ఏం చెయ్యాలండి?"

"ఏముందయ్యా! వాటర్ బాటిల్స్ చూసుకో. టవల్స్, బ్యాట్లు. ఫోటోలో ఈ చివర నిలబడు."

"మరి ఎవరు ముందు కొట్టాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరు చెప్తారండి?"

జగన్మోహనరావు పెన్ను తిప్పడం ఆపాడు. "రూల్స్‌లో అయితే మేనేజరే. కానీ గురూ..."

"అయితే సరేనండి. మేనేజర్నే." గురునాథం తలుపు దగ్గరికి వెళ్ళి, బయటికి వెళ్ళకుండా గడపలో ఆగాడు. గొంతు పెంచాడు. అనకాపల్లిలో ఆ గొంతుకి ఊరవతల బస్సు ఆగేది. "ఒక్కటే అడుగుతున్నానండి. ఫైనల్ గెలిస్తే, ఇక మీదట గ్రౌండులో కార్డు రంగు చూడకూడదు. ఆట వచ్చినవాడు ఆడాలి."

జగన్మోహనరావు నవ్వాడు. ఫైనల్లో ఎదురున్నది బ్యాంకు జట్టు. నాలుగేళ్ళుగా కప్పు వాళ్ళ రిసెప్షన్‌లోనే ఉంది. దుమ్ము దులిపేవాడికి తప్ప బయటివాడి చేతికి అందలేదు.

"గెలవండయ్యా ముందు. గెలిస్తే నీ ఇష్టం."

"అందరూ విన్నారుగా!" అన్నాడు గురునాథం హాల్లోకి తిరిగి.

నలభై తలకాయలు సీట్ల మధ్యనున్న చెక్క అడ్డుగోడల మీదుగా లేచాయి. లేచి చూసి, ఒకేసారి మళ్ళీ మునిగిపోయాయి.

గురువారం సాయంత్రం జురాంగ్ వెస్ట్‌లో ఫ్లాట్ల వెనక గడ్డి మీద ప్రాక్టీసు. వాన పడి వెలిసింది. అద్నాన్ గ్లవ్ నేలకేసి కొట్టాడు.

"నేనాడ గురన్నా. ఎవ్వరం ఆడొద్దు. బాయ్‌కాట్ చేద్దాం. వాళ్ళకీ తెల్వాలె."

"ఏం తెలుస్తుంది?"

"మన ఇజ్జత్ సంగతి."

"మనం రాకపోతే బ్యాంకువాళ్ళు ఊరికే కప్పు పట్టుకెళ్ళిపోతారు. డైరెక్టరుగారు మీటింగులో ఏమంటారు? కాంట్రాక్టువాళ్ళని చేరిస్తే ఇంతే, జట్టు పాడుచేశారంటారు. అలక ఎవడైనా పూనతాడు అద్నాన్. నాకు ఆట కావాలి. ఆ గ్లవ్ తీసి తుడువు. తడి గడ్డి, కుట్లు పాడైపోతాయి."

అద్నాన్ గొణుక్కుంటూ గ్లవ్ తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

ఆ జట్టుకి రెండు జబ్బులుండేవి, రెండూ క్రికెట్‌లో అంటుకున్నవే. మొదటిది, బంతి కొట్టాక బ్యాటు పారేయరు. చేత్తో పట్టుకునే పరిగెడతారు. సెమీఫైనల్లో ఒకడు మొదటి బస్తా దాకా బ్యాటుతో వచ్చి, బ్యాటు ముందుకు చాచి బస్తాకి ఆనించి, గర్వంగా అడుగు అవతల నిలబడ్డాడు. కాలు ఆనాలి గాని ఈ ఆటలో బ్యాటు లెక్కలోకి రాదు. అవుట్.

రెండో జబ్బు అరుపు. బంతి పట్టగానే తొమ్మిదిమందీ చేతులెత్తి "హౌజాట్!" అనేవాళ్ళు. క్రికెట్‌లో అడగనిదే అంపైర్ వేలెత్తడు. అడగడం పుట్టుకతో వచ్చేసింది. ఇక్కడి అంపైర్ టాన్ అంకుల్, స్కూల్లో ఆటలు నేర్పి రిటైరైనాయన. సింగపూర్‌వాళ్ళ అలవాటు ప్రకారం చివర 'లా' తగిలించి, నాలుగు మ్యాచ్‌లుగా మొత్తుకుంటున్నాడు. "నో నీడ్ ఆస్క్, లా! ఐ గాట్ ఐస్!" అవతల జట్లవాళ్ళు వీళ్ళకి హౌజాట్ గాళ్ళని పేరు పెట్టారు. వీళ్ళు రైల్లో కనిపించినా చేతులెత్తి అరిచేవాళ్ళు. ఓసారి యూ టీ స్టేషన్‌లో అలా అరిస్తే, రైలు అవుటయిందనుకుని డ్రైవరు దిగిపోయాడు.

మొదటి జబ్బుకి గురునాథం ఆ సాయంత్రమే మందు వేశాడు. అప్పయ్యని పిలిచాడు.

"నీ కార్డూ పసుపే. ఆడనివ్వరు. కానీ మొదటి బస్తా పక్కన నిలబడి పరిగెత్తేవాళ్ళకి చెప్పే మనిషి ఒకడుండొచ్చు. ఆ మనిషిని పెట్టేది మేనేజరు. నిన్ను పెట్టాను."

"ఏం చెప్పాలి?"

"ఒకటే మాట. బ్యాటు పారెయ్!"

అప్పయ్య ఊపిరి పీల్చుకుని "బ్యాటు పారెయ్‌రా!" అని అరిచి చూసుకున్నాడు. నాలుగో అంతస్తులో బట్టలారేస్తున్న చైనా ఆంటీ చేతిలోని బట్టల వెదురు కర్ర కింద పడేసింది.

అప్పుడు వచ్చాడు పృథ్వీ. కొత్త సంచీ, కొత్త గ్లవ్, ముఖానికి కొత్త జాలీ. ఇరవై నాలుగేళ్ళుంటాయి.

"హలో అంకుల్," అన్నాడు గురునాథంతో.

గురునాథానికి ముప్పై ఆరు. అద్నాన్ పళ్ళు కొరికాడు. గురునాథం పీట చూపించాడు. "కూర్చో నాయనా."

పృథ్వీ కూర్చున్నాడు. గురునాథం చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనకనుంచి అతని భుజాల మీద రెండు చేతులూ వేసి రెండంగుళాలు కిందికి నొక్కాడు. మోకాళ్ళ మధ్య తన పాదం పెట్టి, అంత ఎడం చేశాడు. ఖాళీగా వేలాడుతున్న కుడిచేతిని పట్టుకుని వీపు వెనక్కి తెచ్చి పెట్టాడు.

"ఇది ఇక్కడే ఉండాలి. బంతి గ్లవ్‌లో పడేదాకా బయటికి రాకూడదు."

"కాలేజ్‌లో మాకలా చెప్పలేదు అంకుల్."

గురునాథం తన చిటికెన వేలు అతని కళ్ళ ముందు పెట్టాడు. పృథ్వీ చెయ్యి తనంతట తానే వీపు వెనక్కి వెళ్ళిపోయింది.

అద్నాన్ విసరడం మొదలుపెట్టాడు. అతను చెయ్యి గుండ్రంగా తిప్పి కిందనుంచి విసిరితే, బంతి కన్నా ముందు గాలి వచ్చేది, గాలి కన్నా ముందు కాకులు లేచిపోయేవి. ఆ రోజు కోపంగా కూడా ఉన్నాడు. మొదటి ఇరవై బంతుల్లో పృథ్వీ ఏడు వదిలేశాడు. రెండో ఇరవైలో మూడు. చీకటి పడే వేళకి నలభై వరసన పట్టాడు. లేవబోతే మోకాళ్ళు రాలేదు. గురునాథమే చంకల కింద చేతులేసి లేపి, పేంబెత్తంలాంటి కాళ్ళు రెండూ అరచేతులతో రుద్దాడు.

"పర్లేదు. పట్టేస్తావు," అన్నాడు. "రేపట్నించి నోరు కూడా తెరువు. పీట వెనకున్నవాడి గొంతు మూడో బస్తాకి వినపడాలి."

పృథ్వీ ముఖం చిట్లించాడు. "ఆ హౌజాట్ మాత్రం నా వల్ల కాదు అంకుల్. చీప్‌గా ఉంటది. బావ కూడా చెప్పాడు, సీయీవో ముందు ఎవరూ అరవకూడదని. అందరూ నవ్వుతున్నారంట కదా మనల్ని."

"నవ్వుతారు," అన్నాడు గురునాథం బ్యాట్లు సంచిలో పెడుతూ. "నవ్వడానికి టిక్కెట్టు లేదు కదా."

శనివారం సాయంత్రం గురునాథం ఇంట్లో వంటింటి గట్టు పక్కన స్టూలు వేసుకుని, గిన్నెలో వేడి ఉప్పునీళ్ళు పోసుకుని, కుడిచెయ్యి ముంచి కూర్చున్నాడు. ఆడిన ప్రతి మ్యాచ్‌కీ ముందు రోజు అలా ముంచుతాడు.

భార్య సూర్యకుమారి బెండకాయలు తరుగుతోంది. గిన్నె వైపు చూసింది. "రేపు ఆడేది లేదుగా, ఉప్పునీళ్ళెందుకండీ?"

గురునాథం చేతిని నీళ్ళలోనే ఉంచాడు. "ఏమో. శనివారం కదా."

ఆవిడ కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, గట్టు మీదున్న సన్నటి పుస్తకం తీసింది. ఆట రూల్సు. టాన్ అంకుల్ ఇచ్చాడు. గురునాథం ఇంటర్ తప్పాడు, సూర్యకుమారి బీయే పాసైంది. అందుకని బుధవారంనుంచీ ఆవిడ చదవడం, తెలుగులో చెప్పడం, ఆయన వినడం. సగం దాకా వచ్చారు.

హాల్లోంచి సూర్యకుమారి తల్లి అప్పలమ్మ కేకేసింది. కూతుర్ని చూడ్డానికి మూడు నెలల వీసా మీద వచ్చింది. "ఏటే సూరీ, ఆ పుస్తకంలో అల్లుడుగారి పేరేమైనా రాసేరా?"

"లేదమ్మా."

"మరెందుకు సదవడం?"

సూర్యకుమారి పేజీ తిప్పింది. "మేనేజరు టైం ఆపమని అడగొచ్చు. లోపలికి వెళ్ళి తన ఆటగాళ్ళతో మాట్లాడొచ్చు... ఇదేంటీ, చూడండి. పరిగెత్తేవాడు దారిలో బస్తాని తొక్కకుండా పోతే, పీటని తొక్కకుండా దాటేస్తే, అంపైర్ ఏమీ అనడు. చూసినా సరే, నోరు విప్పడు. అవతలివాళ్ళు అడిగితేనే అవుటిస్తాడు."

గురునాథం చెయ్యి నీళ్ళలోంచి పైకి తీశాడు. "అడిగితేనా?"

"అడిగితేనే. అదీ తరవాతి బంతి వెయ్యకముందు అడగాలి. లోపల ఆడుతున్నవాడే అడగాలి, బయట బెంచీ మీదివాళ్ళు అడిగితే చెల్లదు." సూర్యకుమారి పుస్తకం మీదుగా చూసి నవ్వింది. "మీ అరుపుల జబ్బుకి ఈ పుస్తకంలోనూ ఒక గది కట్టి ఉంచారండీ."

"మళ్ళీ చదువు," అన్నాడు గురునాథం. చేతి నీళ్ళు బొట్లు బొట్లుగా నేల మీద పడుతున్నాయి. ఆవిడ మళ్ళీ చదివింది.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికే ఎండ నెత్తి మీద కూర్చుంది. సీయీవోకి గొడుగు, కుర్చీ. పక్కన జగన్మోహనరావు. వెనక చెట్టు నీడలో సూర్యకుమారి, చాప మీద కాళ్ళు చాపుకుని అప్పలమ్మ. బ్యాంకు జట్టు ఆకుపచ్చ బట్టలేసుకుని బస్సు దిగింది. దిగుతూనే తొమ్మిదిమందీ చేతులెత్తి "హౌజాట్!" అని అరిచి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు.

గురునాథం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో పసుపు పట్టీ కార్డు బయటికి కనపడేలా వేసుకుని వచ్చాడు. టాన్ అంకుల్‌కి పేర్ల కాగితం ఇచ్చాడు.

"యూ నాట్ ప్లేయింగ్ ఆ?" అన్నాడు టాన్ అంకుల్ కాగితం చూసి.

"మేనేజర్, అంకుల్."

టాన్ అంకుల్ ఆ కార్డు వైపు, కుర్చీలో ఉన్నవాళ్ళ మెడల్లోని నీలం కార్డుల వైపు చూశాడు. "వా, సచ్ ఎ గుడ్ క్యాచర్, వేస్ట్ ఓన్లీ," అని పీట మీద మట్టిని చిన్న బ్రష్‌తో తుడవడానికి వంగాడు.

ఆట ఏడు విడతలు. మొదటి విడతలోనే బ్యాంకు రెండు పరుగులు చేసింది. మనవాళ్ళు మూడో విడతలో ఒకటి, నాలుగో విడతలో మూడు చేశారు. మొదటి బస్తా దగ్గర అప్పయ్య "బ్యాటు పారెయ్‌రా!" అని అరిచిన అరుపులకి బ్యాట్లు ఎంత దూరం పారేశారంటే, ఒకటి వెళ్ళి ఎక్కడో దూరాన టోవా పాయోలో దొరికిందని ఇప్పటికీ అంటారు. బ్యాంకు మళ్ళీ మూడు చేసి అయిదుకి వచ్చింది. మనవాళ్ళు ఇంకో రెండు కలిపి ఆరు.

గురునాథం బెంచీ మీద కూర్చోలేదు. బెంచీ చివర గొంతుకూర్చున్నాడు. అద్నాన్ చెయ్యి తిరిగినప్పుడల్లా అతని ఎడం అరచెయ్యి తెరుచుకునేది, బంతి పృథ్వీ గ్లవ్‌లో పడ్డప్పుడల్లా మూసుకునేది. సూర్యకుమారి ఆ చేతిని చూసి ముఖం పక్కకి తిప్పుకుంది.

పృథ్వీ బాగానే పడుతున్నాడు. నోరు మాత్రం విప్పలేదు.

చివరి విడత. బ్యాంకువాళ్ళ వంతు. మనం ఆరు, వాళ్ళు అయిదు. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొక్కడు అవుటైతే కప్పు మనది. రెండో బస్తా మీద బ్యాంకువాడొకడు నిలబడి ఉన్నాడు. మనిషి అలమారంత ఉన్నాడు. అద్నాన్ విసిరాడు. కొట్టేవాడు కొట్టాడు. బంతి గడ్డి మీద కోసుకుంటూ దూరం వెళ్ళింది. అలమారా కదిలింది. మూడో బస్తా దాటింది. బంతి పీట వైపు తిరిగొస్తోంది, అలమారా కూడా పీట వైపే వస్తోంది. రెండూ ఒకేసారి వచ్చాయి. అతను కాళ్ళు ముందుకు చాచి జారాడు. దుమ్ము లేచింది. బంతి పృథ్వీ గ్లవ్ అంచుకి తగిలి పక్కకి దొర్లింది.

దుమ్ము అణిగేసరికి బ్యాంకు బెంచీ అంతా లోపలే ఉంది. అలమారాని ఎత్తుకోబోయి, కుదరక, ఈడ్చుకుంటూ తమ బెంచీ దగ్గరికి తీసుకెళ్ళిపోయారు. ఆరు, ఆరు. సమానం. బంతి కొట్టినవాడు రెండో బస్తా మీద నిలబడి గెంతుతున్నాడు.

పృథ్వీ బంతి తెచ్చి అద్నాన్‌కి ఇచ్చి, తల వంచుకుని పీట వెనక్కి నడుస్తున్నాడు. కుర్చీలోంచి జగన్మోహనరావు గట్టిగా చప్పట్లు కొట్టాడు. "ఇట్స్ ఓకే! నో షౌటింగ్, నో డ్రామా! నెక్స్ట్ బాల్!"

గురునాథం అలమారా వైపు చూడలేదు. బంతి వైపూ చూడలేదు. టాన్ అంకుల్ చేతుల వైపు చూశాడు.

టాన్ అంకుల్ ఎవరైనా పీట మీద కాలు పెడితే రెండు చేతులూ రెక్కల్లా బారచాచేవాడు. అవుటైతే పిడికిలి బిగించి గాల్లోకి గుద్దేవాడు. ఇప్పుడు ఆ చేతులు రెండూ వీపు వెనక ఉన్నాయి. పెదాలు గట్టిగా మూసుకుని, ఆకాశంలో ఎవరూ లేనిచోటికి చూస్తున్నాడు. అనకాపల్లిలో ఎన్నిసార్లు చూడలేదు ఆ ముఖాన్ని! అన్నీ చూసి, అడిగేవాడి కోసం కాచుకున్న ముఖం.

అద్నాన్ చెయ్యి తిప్పబోతున్నాడు.

"టైం!" అన్నాడు గురునాథం.

అద్నాన్ చెయ్యి సగంలో ఆగింది. టాన్ అంకుల్ తక్షణం "టైమ్!" అన్నాడు. ఆ మాటలో ఏదో హాయి వినపడింది.

గురునాథం లోపలికి నడిచాడు. పరిగెత్తలేదు. పృథ్వీ జాలీ పైకి తీశాడు. కళ్ళనిండా నీళ్ళు.

"సారీ అంకుల్. నేను వదిలేశా. మీరైతే పట్టేవాళ్ళు."

"అది తరవాత. వాడి కాలు పీట మీద పడిందా?"

"దుమ్ము లేచింది. కనపళ్ళేదు. పక్కనించి పోయినట్టు... ఏమో, తెలీదు."

"ఆయన చేతులు చూడు."

పృథ్వీ చూశాడు. అర్థం కాలేదు.

"చాచలేదు," అన్నాడు గురునాథం. "పడితే చాచేవాడు. ఆయన చూశాడు నాయనా. అడిగితేనే చెప్తాడు. అడుగు."

"మీరే అడగండి."

"నేను బయటివాణ్ణి. మేనేజరు అడిగితే చెల్లదు. ఇక్కడ కూర్చున్నవాడే అడగాలి. ఇక్కడ కూర్చున్నది నువ్వు."

పృథ్వీ కుర్చీల వైపు చూశాడు. జగన్మోహనరావు లేచి నిలబడి, కూర్చోమన్నట్టు రెండు చేతులతో గాలిని కిందికి నొక్కుతున్నాడు. బ్యాంకువాళ్ళు అప్పుడే వెటకారంగా చేతులెత్తడం మొదలుపెట్టారు.

"అడిగి, కాదంటే? అందరూ నవ్వుతారు అంకుల్."

"నన్ను పదమూడేళ్ళు నవ్వారు. చూడు, ఏమన్నా అరిగానా?" గురునాథం చిటికెన వేలితో అతని ఛాతీ మీద ఒక్క పోటు పొడిచాడు. "నా చోటు నీకిచ్చారు. ఆ చోటులో చెయ్యాల్సింది ఇదే. నువ్వడగకపోతే అది ఉత్త పీట. అడుగు."

అని వెనక్కి తిరిగి నడిచి, బెంచీ చివర మళ్ళీ గొంతుకూర్చున్నాడు. ఇంకేం చెయ్యడానికీ లేదు. ఎడం అరచెయ్యి తెరుచుకుని ఉంది.

పృథ్వీ టాన్ అంకుల్ వైపు తిరిగాడు. పెదాలు కదిలాయి. ఎవరికీ వినపడలేదు.

"ఆ? వాట్ యూ సే?" అన్నాడు టాన్ అంకుల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "ఐ ఓల్డ్ మ్యాన్. లౌడర్, లా."

పృథ్వీ ఊపిరి పీల్చాడు. "దట్ రన్నర్... హీ మిస్డ్ ది ప్లేట్!" అన్నాడు. అన్నాక ఆగలేకపోయాడు. జాలీ నేలకేసి కొట్టి, రెండు చేతులూ ఆకాశానికెత్తి, "హౌజాఆఆట్!" అని అరిచాడు. అద్నాన్ అరిచాడు. తొమ్మిదిమందీ అరిచారు. బెంచీ దగ్గర అప్పయ్య అలవాటు కొద్దీ "బ్యాటు పారెయ్!" అని అరిచాడు. ఆ అరుపుకి జురాంగ్ వెస్ట్ ఫ్లాట్లలో ఆరేసిన బట్టలన్నీ ఒక్క గంట ముందే ఆరిపోయాయి.

టాన్ అంకుల్ వీపు వెనకనుంచి కుడిచెయ్యి తీశాడు. పిడికిలి బిగించాడు. గాల్లోకి ఒక్క గుద్దు గుద్దాడు.

"అవుట్! నో రన్! గేమ్ ఓవర్!"

బ్యాంకువాళ్ళు పరిగెత్తుకొచ్చారు. టాన్ అంకుల్ వంగి, పీట పక్కన మట్టిలో పొడుగ్గా గీసుకుపోయిన కాలిజాడని బ్రష్ కొసతో చూపించాడు. అది పీటకి జానెడు దూరంలోంచి పోయింది. అలమారా దాన్ని చూసి నేల మీద కూర్చుండిపోయాడు. టాన్ అంకుల్ మనవాళ్ళ వైపు తిరిగాడు. "హోల్ సీజన్ యూ షౌట్ రాంగ్ టైమ్. టుడే కరెక్ట్!"

కప్పు వచ్చింది. ఫోటోకి అందరూ వరసలో నిలబడుతున్నారు. జగన్మోహనరావు చేతులు చాచుకుంటూ గురునాథం దగ్గరికి వచ్చాడు.

"శభాష్ గురూ! ఏం బుర్రయ్యా నీది! నిన్ను మేనేజర్ చెయ్యటం ఎంత మంచిదైందో చూడు. వచ్చే ఏడు కూడా నువ్వే. సీయీవోకి చెప్పేశా."

"అలాగేనండి," అన్నాడు గురునాథం. "మేనేజరు పని నాకు నచ్చింది." చొక్కా జేబులోంచి పేర్ల కాగితం తీసి వెనక్కి తిప్పాడు. అప్పయ్య వీపు మీద ఆనించి, పెన్నుతో మెల్లగా రాశాడు. వచ్చే సీజన్. క్యాచర్, గురునాథం. రెండో క్యాచర్, పృథ్వీ. మూడో బస్తా, అప్పయ్య. రాసి కాగితం, పెన్ను రెండూ ముందుకు చాపాడు. "ఇక్కడ ఒక సంతకం పెట్టండి."

జగన్మోహనరావు నవ్వు కొంచెం జారింది. "ఇప్పుడెందుకయ్యా? నెక్స్ట్ ఇయర్ చూద్దాం. పాలసీ సంగతి మాట్లాడాలి గదా, అందరితో..."

గురునాథం చెయ్యి చాచే ఉంచాడు. చిటికెన వేలు వంకరగా అటు చూస్తోంది. ఒక్క అంగుళం వెనక్కి తీయలేదు.

"బావా," అన్నాడు వెనకనుంచి పృథ్వీ. ముఖమంతా మట్టి, గొంతు బొంగురుపోయింది. "బుధవారం నలభై మంది విన్నారు."

ఎవరూ అరవలేదు. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆ పెన్ను వైపు చూస్తున్నారు. జగన్మోహనరావు ఒకసారి సీయీవో వైపు, ఒకసారి ఫోటో తీసేవాడి వైపు చూశాడు. పెన్ను అందుకుని, అప్పయ్య వీపు మీదే సంతకం పెట్టాడు. అప్పయ్యకి చక్కిలిగింతలు పుట్టి మెలికలు తిరిగితే, ఆ సంతకం ఈ చివరినుంచి ఆ చివరికి పోయింది.

గురునాథం కాగితం నాలుగు మడతలు పెట్టాడు. నేల మీద పడున్న జాలీ తీసి, మట్టి దులిపి, ముఖానికి పెట్టుకున్నాడు. పృథ్వీ చేతి గ్లవ్ తొడుక్కుని, వెళ్ళి పీట వెనక గొంతుకూర్చున్నాడు.

"అద్నాన్, ఒక్కటి వెయ్యి. చెయ్యి పట్టేసింది."

అద్నాన్ వేశాడు. గ్లవ్‌లో ఠప్పుమంది. చెట్టు కింద సూర్యకుమారి ఒక్కతే చప్పట్లు కొట్టింది. పక్కన అప్పలమ్మ చాప మీంచి లేచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, తిన్నగా టాన్ అంకుల్ దగ్గరికి నడిచింది. పీట చుట్టూ ఒకసారి తిరిగి, జానతో కొలిచి చూసి, ఆయన ముఖంలోకి చూసి అచ్చ తెలుగులో అంది:

"అదేటి బాబూ, ఇంత సిన్న పీటేస్తే ఎవడి కాలు పడతాది? ఆ కుర్రోడు పాపం అంత దూరంనించి పరిగెట్టుకొచ్చేడు. మా సూరి పెళ్ళినాటి పీటుంది ఇంటికాడ, ఇద్దరు కూకున్నా ఇంకా సోటుంటాది. మల్లీ వొచ్చినపుడు ఇమానంలో ఎట్టుకొస్తాను. అదేస్కుని ఆడుకోండి, ఈ గొడవలే వుండవు."